కారు తుడిచే గుడ్డ – దాని పుట్టుపూర్వోత్తరాలు



ఈ పూట మీతో ఒక గుడ్డముక్క గురించి మాట్లాడదామని వచ్చాను. పట్టుచీర గురించి చెప్పమంటే పదిమంది ముందుకొస్తారు. తుడుపు గుడ్డ గురించి ఎవరు చెబుతారు? నేనూ చెప్పకపోదును గాని, కిందటి సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన చిన్న గొడవ నన్నీ దారి పట్టించింది.

మాది ఆమదాలవలస. మా స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది. మా పెద్దబ్బాయి ఇక్కడ రైలు దిగిన వాళ్ళని శ్రీకాకుళం, అరసవల్లి, శ్రీకూర్మం తిప్పడానికి అప్పు చేసి ఒక కారు కొన్నాడు. ముదురు నీలం రంగు. నెలనెలా వాయిదా కట్టాలి. బండి మెరుస్తూ ఉంటేనే పెళ్ళివాళ్ళూ, యాత్రకొచ్చిన వాళ్ళూ పిలుస్తారు. అంచేత ఆ మెరుపు మా ఇంటికి షోకు కాదండి, బియ్యం.

భోగినాడు తెల్లవారగట్ల లేచి చూద్దును కదా, బండి మీద దుమ్ము ఇంత మందాన పేరుకుని ఉంది. అబ్బాయి నిద్రపోతున్నాడు. పోనీ నేనే తుడిచేద్దామని పాత టర్కీ తువ్వాలొకటి తీసి, పొడిగానే, గుండ్రంగా తిప్పుతూ శుభ్రంగా రుద్దేశాను. పసుపూ కుంకుమా పెట్టాను. పొద్దెక్కి ఎండ పడ్డాక వాడు బైటికొచ్చి గుండె బాదుకున్నాడు. "అమ్మా, ఏటిదీ? బండంతా గీతలే!" అన్నాడు. నిజమే. సాలెగూడు పరిచినట్టు సన్నసన్నని గుండ్రటి గీతలు. వాటిని పాలిషు పట్టించి పోగొట్టడానికి ఆ నెల వాయిదాలో సగం డబ్బు పోయింది.

ఆ తరవాత వాడు విశాఖపట్నం వెళ్ళినప్పుడు కార్ల కోసమే అమ్మే మైక్రోఫైబరు తువ్వాళ్ళు ఆరు కొనుక్కొచ్చాడు. మెత్తగా, కుందేలు పిల్లల్లా ఉన్నాయి. చేసిన తప్పు దిద్దుకుందామని వాటిని నేనే ఉతికాను. వేణ్ణీళ్ళలో నానబెట్టి, మా ఆయన నూలు లుంగీలతో కలిపి ఉతికి, ఆఖరి నీళ్ళలో బట్టలు మెత్తబడడానికి పోసే సువాసన ద్రవం రెండు మూతలు పోసి, ఎర్రటి ఎండలో ఆరేశాను. ఇంకేముంది! ఆ గుడ్డలు నీళ్ళు పీల్చడం మానేశాయి. అద్దం తుడిస్తే చారలూ, నూగూ. వాడు పెద్దగా కోప్పడలేదు. "నీకు తెలీదులేమ్మా" అని ఊరుకున్నాడు.

ఆ మాట నాకు గీతల కంటే లోతుగా దిగింది. పాతికేళ్ళుగా ఈ ఇంట్లో బట్టలుతుకుతున్నది నేను. పదో తరగతితో చదువాపేసినా, గుడ్డ పట్టుకుంటే నూలో, పాలిస్టరో చెప్పగలను. అటువంటిది, నాకు తెలియని గుడ్డ ఏమిటా అని ఆరా తీయడం మొదలెట్టాను. ఆ ఆరా నన్ను కారు దగ్గర ఆపలేదు. దూసి స్టేషను దాటి పొందూరు తీసికెళ్ళింది. అక్కణ్ణించి టర్కీ, ఇంగ్లండు, జపాను కూడా తిప్పింది.

ముందు మన ఇళ్ళ సంగతి చూద్దాం. మన పెద్దవాళ్ళు తుడుపు గుడ్డని ఎప్పుడూ కొనలేదు. కొత్త చీర కట్టుచీరగా అరిగితే, అది పసిబిడ్డ కింద పక్కగుడ్డ అయ్యేది. కాస్త గట్టిగా ఉన్న భాగం బొంతలోకి వెళ్ళేది. మిగిలింది వంటింట్లో మసిగుడ్డ. ఆఖరికి పీలికలు దీపం వత్తులకో, నేల అలికే గుడ్డకో పోయేవి. అలా ఒక్క చీర నాలుగు జన్మలెత్తేది. మగవాళ్ళ భుజం మీద కండువా చెమట తుడిచేది, ఎండకి తలపాగా అయ్యేది, సంతలో మూటా అయ్యేది. తువ్వాలు అన్న మాట మనకు పోర్చుగీసు వాళ్ళ నోటి నించి వచ్చిందని చెబుతారు. మాట పరాయిదైనా పని మనదే. అరిగి అరిగి మెత్తబడిన నూలుగుడ్డ కంటే బాగా తుడిచేది మరొకటి లేదని మన అమ్మమ్మలకి తెలుసు. కొత్త గుడ్డ నీళ్ళు పట్టదనీ, ఉతికిన కొద్దీ పడుతుందనీ తెలుసు. ఇది మొదటి పాఠం.

రెండో పాఠం సన్నదనం. దీనికి మాకు దూరం పోనక్కర్లేదు. ఇంగ్లీషు వాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. ఇక్కడి సన్నని మస్లిను బట్టలు ఒకప్పుడు ఎంతో పేరు పొందినవని ఆనాటి గెజిటీర్లలోకీ ఎక్కింది. ఆ విద్య ఖద్దరు రూపంలో నిలిచిన ఊరు పొందూరు. మా అమ్మమ్మగారి ఊరు ఆ చుట్టుపక్కలే. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఒక ముసలమ్మ వీధరుగు మీద కూచుని పత్తి ఏకుతుంటే నేను గంటల తరబడి చూసేదాన్ని. ఆవిడ చేతిలో దువ్వెన ఉండేది కాదు, వాలుగ చేప దవడ ఎముక ఉండేది. ఆ దవడకి సూది మొనల కంటే సన్నని పళ్ళు వరసగా ఉంటాయి. పత్తిగింజ మీదున్న దూదిని వాటితో మెల్లిగా దువ్వితే చెత్తా, పొట్టి పోగులూ రాలిపోయి, పొడుగు పోగులు ఒకే వైపు తిరిగి నిలుస్తాయి. తరవాత గింజ తీయడం, దూది విప్పడం, ఏకులు చుట్టడం. ఆ ఏకులు మలినపడకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. అప్పుడు రాట్నం. ఆ చక్రానికి 24 ఆకులుంటాయి. ఇన్ని మెట్లు దాటితేగాని దారం రాదు. ఇందులో చాలా పని ఆడవాళ్ళ చేతుల మీదే జరుగుతుంది.

పొందూరులో 100 నంబరు నూలు వడుకుతారు. ఈ నంబరంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే మన కథ అంతా దీని మీదే ఉంది. ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల దూదితో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్నో నంబరు. 100 నంబరంటే 84,000 గజాలు. ఇంచుమించు 77 కిలోమీటర్లు! ఆమదాలవలస స్టేషనులో ఒక కొన కట్టి రైలెక్కితే, విజయనగరంలో దిగేసరికి కూడా ఉండ అయిపోదు. అరకిలో కూడా లేని దూదిలో అంత దారం ఉంది. గాంధీగారు ఈ ఖద్దరు సంగతి విని, నిజానిజాలు చూసి రమ్మని తన కొడుకు దేవదాసు గాంధీని పొందూరు పంపారు. 1949లో అక్కడ ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది.

ఆ ముసలమ్మ దగ్గర ఒకనాడు నేను రాట్నం తిప్పబోయి దారం తెంపేశాను. దారం మంచిది కాదన్నాను. ఆవిడ నవ్వి, "దారం తెగితే దారం తప్పు కాదే పిల్లా, సెయ్యి తొందరపడినాది" అంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఇప్పుడు టర్కీ వెళదాం. మనం టర్కీ తువ్వాలు అంటున్నాం కదా, ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడి బుర్సా పట్నంలో స్నానానికి వాడే గుడ్డల్లో నూలుని ఉంగరాలు ఉంగరాలుగా పైకి లేపి నేసేవారు. హెన్రీ క్రిస్టీ అనే ఇంగ్లీషాయన ఆ గుడ్డని తన దేశం తీసికెళ్ళాడు. వాళ్ళ మిల్లులోనే ఆ ఉంగరాల నేతకి మగ్గం తయారైంది. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో ఆ తువ్వాళ్ళు పెట్టారు. ఇందులో కిటుకేమిటంటే, సాదా గుడ్డకి రెండు ముఖాలే ఉంటాయి. ఉంగరాల గుడ్డలో ప్రతి ఉంగరమూ నీటిని పట్టుకునే చోటే. గుడ్డ కొలత పెరగకుండా పీల్చే చోటు పెరుగుతుంది.

మన దేశంలో ఈ తువ్వాళ్ళకి పేరుబడ్డది మహారాష్ట్రలోని షోలాపూరు. మీ ఇంటి తువ్వాలు అంచు చూడండి, ఆ పేరు కనిపించినా కనిపించవచ్చు. అయితే వాటిని నేసిన చేతులు చాలామటుకు మన తెలుగువాళ్ళవే. తెలంగాణా జిల్లాల నించి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళిన పద్మశాలీలు అక్కడ మగ్గాలు పెట్టుకుని స్థిరపడ్డారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో తెలుగు పేటలున్నాయి.

ఇక కార్ల సంగతి. తొలినాళ్ళలో మోటారు షెడ్డుల్లో తుడవడానికి మిల్లుల్లో మిగిలిన చిక్కు నూలు వాడేవారు. వేస్టు కాటన్ అంటారే, అదే. పైన తుడవడానికి పసుప్పచ్చ డస్టరు గుడ్డ. డబ్బున్న వాళ్ళ డ్రైవర్ల దగ్గర షామీ తోలు ఉండేది. ఐరోపా కొండల్లో తిరిగే ఒక రకం మేక తోలుతో మొదట చేసేవారు, తరవాత గొర్రెతోలుతో చేశారు. చేపనూనె పట్టించి పదును చేసిన ఆ తోలు నీళ్ళు బాగా పీల్చేది. కాకపోతే ఎండితే అప్పడంలా గట్టిపడిపోయేది.

1957లో మొదలై 2014 దాకా తయారైన అంబాసిడరు కారు మనలో చాలామందికి గుర్తే. పాత రోజుల్లో ఆ కార్ల రంగు మందంగా వేసేవారు. పాలిషు పెట్టి రుద్దితే ఆ రంగే కొంచెం గుడ్డకి అంటుకునేది. అరిగినా అడుగున మళ్ళీ అదే రంగు. ఇప్పటి కార్లకి అలా కాదు. రంగు పల్చగా వేసి, దాని మీద గాజులాంటి పారదర్శకమైన పూత వేస్తారు. మెరుపంతా ఆ పూతదే. దాని మందం 40, 50 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుకే 50 నించి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే అంత పెద్ద బండి అందమంతా వెంట్రుకపాటి మందం కూడా లేని పొర మీద నిలబడి ఉందన్నమాట. ఆ పొర మీద నేను భోగినాడు దుమ్ముతో సహా తువ్వాలు పెట్టి రుద్దాను! నూలు గీయలేదు. నూలు కింద చిక్కిన ఇసుక గీసింది. ఏకులా వచ్చి మేకవడమంటే ఇదే.

ఈలోగా ప్రపంచంలో దారం పుట్టుకే మారిపోయింది. 1935లో అమెరికాలో కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త నైలాను కనిపెట్టాడు. 1940లో నైలాను మేజోళ్ళు బజారుకొస్తే అక్కడి ఆడవాళ్ళు దుకాణాల ముందు బారులు తీరారు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలిస్టరు దారం తీశారు. అదే మన నాన్నగారి కాలపు టెర్లిన్ చొక్కా. టెరీకాటన్ చొక్కా వేసుకున్న పెళ్ళికొడుకంటే అప్పట్లో ఎంత గొప్ప! ఇస్త్రీ అక్కర్లేదు, ఇట్టే ఆరిపోతుంది. కానీ ఆ చొక్కాతో చెమట తుడుచుకోబోతే తెలిసేది దాని గుణం. నీటిని తోసేస్తుందేగాని పీల్చదు. అటువంటి పాలిస్టరు ఇవాళ తుడుపు గుడ్డల్లో మేటి ఎలా అయింది? ఇక్కడే మళ్ళీ పొందూరు పాఠం పనికొచ్చింది. సన్నదనం!

జపానులో టోరే అనే కంపెనీలో మియోషి ఒకమోటో అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన ఒక ఉపాయం చేశారు. మామూలుగా దారాన్ని మరీ సన్నగా తీయబోతే తెగిపోతుంది. అంచేత చాలా సన్నపోగుల్ని వేరే పదార్థంలో ఇమిడ్చి, అంతా కలిపి ఒకే దారంగా తీసి, తరవాత ఆ రెండో పదార్థాన్ని కరిగించేశారు. సముద్రం ఇంకిపోతే దీవులు మిగిలినట్టు, సన్నపోగులు మాత్రం మిగిలాయి. 1970లో ఆ పోగులతో వచ్చిన బట్ట జింకతోలులా మెత్తగా ఉండేది. దాన్ని కోట్లకీ, కుర్చీలకీ వాడారు. తుడవడానికి కాదు సుమండీ! తుడుపు గుడ్డగా వాడుకోవచ్చన్నది తరవాతి సంగతి. జపానులో కళ్ళద్దాలూ, కెమెరా అద్దాలూ తుడుచుకునే గుడ్డలొచ్చాయి. 1990ల్లో స్వీడను వంటి దేశాల్లో ఆస్పత్రులూ, ఇళ్ళూ తుడవడానికి పట్టుకెళ్ళారు. అక్కణ్ణించి కార్ల దగ్గరికి వచ్చింది.

సన్నదారాన్ని కొలవడానికి డెనియరు అనే లెక్క ఉంది. 9,000 మీటర్ల పొడుగు పోగు ఒక గ్రాము తూగితే ఒక డెనియరు. అంతకంటే తేలికైతే మైక్రోఫైబరు. మన పట్టుపోగు కూడా ఒక డెనియరుకి కాస్త పైనే ఉంటుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. పొందూరులో సన్నగా తీసేది దారాన్ని. ఇక్కడ సన్నగా తీసేది ఆ దారం లోపలి ఒక్కొక్క పోగుని.

తువ్వాళ్ళకి వాడే రకంలో పాలిస్టరూ, నైలానూ కలిపి ఒకే పోగుగా తీస్తారు. బత్తాయిని అడ్డంగా కోస్తే తొనలు కనిపిస్తాయి కదా, ఆ పోగుని కోసి భూతద్దంలో చూస్తే అలాగే ఉంటుంది. తొనలు పాలిస్టరు, తొనల మధ్య గోడలు నైలాను. తరవాత వేడితోనో, మందులతోనో ఆ తొనల్ని విడగొడతారు. విడిపోయిన ఒక్కొక్క తొన నాలుగైదు మైక్రాన్లే. గుండ్రంగా ఉండదు, అంచులు కోసుగా ఉంటాయి. ప్రమిదలో వత్తి నూనెని ఎలా పైకి లాక్కుంటుందో, ఈ తొనల మధ్య సందులు నీటిని అలా లాక్కుంటాయి. జిడ్డుకి పాలిస్టరు దగ్గరౌతుంది, నీటికి నైలాను కొంత దగ్గరౌతుంది. దుమ్ము రేణువు పైనే దొర్లకుండా, ఉంగరాల లోపలికి దిగిపోయి కూచుంటుంది. అంచేత కారు మీద గీత పడే అవకాశం తగ్గుతుంది.

తగ్గుతుందన్నానుగాని, పోతుందనలేదు. దుమ్ము పట్టిన బండిని పొడిగా తుడిస్తే ఎంత మంచి గుడ్డయినా గీస్తుంది. ముందు నీళ్ళు పోసి మట్టి జారనిచ్చి, సబ్బునీళ్ళతో కడిగి, మళ్ళీ నీళ్ళు పోసి, అప్పుడు తువ్వాలు ముట్టుకోవాలి. మా ఊళ్ళో బోరు నీళ్ళతో ఇంకో చిక్కుంది. ఎండలో ఆరనిస్తే తెల్లచుక్కలు పడతాయి. అంచేత నీడలో పెట్టి వెంటనే ఒత్తి ఆరబెట్టాలి. గుడ్డని పరిచి, నీరు పీల్చనిచ్చి, నిదానంగా ఒక వైపుకి లాగాలేగాని, నాలాగ గుండ్రంగా తిప్పకూడదు.

ఇప్పుడు కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. అట్ట మీద రెండు సంగతులు రాసి ఉంటాయి. ఒకటి పాళ్ళు. 80కి 20 అనో, 70కి 30 అనో ఉంటుంది. మొదటిది పాలిస్టరు, రెండోది నైలాను. నైలాను పాలు ఎక్కువుంటే సాధారణంగా మెత్తగా ఉంటుంది, ధరా ఎక్కువే. అంతా పాలిస్టరే అయితే కారు రంగు మీదకి వద్దు. రెండోది జి.ఎస్.ఎం. అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములుంటుందో. అద్దాలకి 200, 300 మధ్య పల్చటి, నూగు లేనిది చాలు. పాలిషు తుడవడానికి 300, 400 మధ్యది. కడిగాక నీళ్ళు ఒత్తడానికి 500 పైబడిన మందపాటిది. అంచులకి గట్టి దారంతో కుట్టు ఉంటే అదీ గీస్తుంది. అంచు కుట్టు లేనిదో, మెత్తటి గుడ్డతో అంచు కట్టిందో తీసుకోండి. మూలన కుట్టిన పేరు ముక్కని ముందే కత్తిరించి పారెయ్యండి.

అట్ట మీది మాట నమ్మలేకపోతే మన చేతులున్నాయి. అంట్లు తోమి గరుకెక్కిన అరచేతి మీద గుడ్డని మెల్లిగా లాగండి. చర్మానికి తట్టుకుని పట్టుకుంటున్నట్టుంటే పోగులు బాగా విడినట్టే. పట్టులా జారిపోతే అనుమానించాలి. ఒక పళ్ళెంలో నాలుగు నీటిచుక్కలు వేసి గుడ్డతో ఒక్కసారి లాగండి. నీరు గుడ్డలోకి వెళ్ళిపోతే మంచిది. గుడ్డ ముందు నీరు పారిపోతూ ఉంటే అది మైక్రోఫైబరు పేరు పెట్టుకున్న టెర్లిన్ చొక్కాయే.

ఉతకడం దగ్గరికొద్దాం. నేను చేసిన తప్పులు వరసగా చెబుతాను, మీరు చేయకండి. నూలు బట్టలతో కలిపి ఉతికాను. ఆ నూలు నూగంతా తొనల సందుల్లో చిక్కుకుంది. మెత్తబరిచే ద్రవం పోశాను. అది జిడ్డులా ప్రతి పోగుకీ పూత పూసి సందులు మూసేసింది. దేనివల్ల మెత్తబడుతుందనుకున్నానో, దానివల్లే గుడ్డ పనికిమాలిందైంది. వేణ్ణీళ్ళలో నానబెట్టాను. గోరువెచ్చన ఫరవాలేదు గాని, 60 డిగ్రీలు దాటకూడదు. సలసల కాగే నీళ్ళూ, ఇస్త్రీ పెట్టె వేడీ తగిలితే పోగుల కొనలు వంకరపోయి గట్టిపడతాయి. బ్లీచింగు పొడి అసలే వద్దు. ఇక గంజి! పొందూరు ఖద్దరుకి గంజి ప్రాణం. ఈ గుడ్డకి గంజి విషం.

సరైన పద్ధతి తేలికే. కొన్న వెంటనే ఒకసారి వట్టిగా ఉతకండి, వదులుగా ఉన్న నూగు పోతుంది. ఆ పైన ఎప్పుడైనా వేరుగా, గోరువెచ్చని నీళ్ళలో, కాస్త ద్రవపు సబ్బు వేసి ఉతకండి. పొడి సబ్బు పూర్తిగా కరక్కపోతే పలుకులు మిగిలిపోతాయి. రెండు మూడు నీళ్ళలో జాడించి, నీడలో గాలికి ఆరేసి, నాలుగుసార్లు దులిపి, మూత ఉన్న డబ్బాలో దాచండి. నాలుగు మడతలు పెట్టి వాడితే ఒక్క గుడ్డకే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం మాసితే ఇంకోటి తిప్పుకోవచ్చు. ఒంటికి నీలం, అద్దాలకి ఆకుపచ్చ, చక్రాలకి ఎరుపు, ఇలా రంగులవారీగా కేటాయించుకుంటే ఒకదాని మట్టి ఇంకోదాని మీదకి రాదు. చేతిలోంచి నేల మీద పడిన గుడ్డని మాత్రం ఉతికేదాకా మళ్ళీ కారు మీద పెట్టకండి. మా వాడి తువ్వాళ్ళని ఇదే పద్ధతిలో మూడుసార్లు ఉతికి, జాడించి ఆరేశాను. ఆరింటిలో నాలుగు మళ్ళీ నీళ్ళు పట్టాయి. మిగతా రెండూ చక్రాలకి దిగాయి. చీరకి నాలుగు జన్మలున్నట్టే దీనికీ ఉన్నాయి. ఒంటి నించి చక్రాలకి, చక్రాల నించి ఇంటి కిటికీలకి, ఆఖరికి సైకిలు గొలుసుకి.

ఇంతవరకూ మంచి చెప్పాను. ఒక చెడు కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసిన దాన్నౌతాను. మసిగుడ్డ మట్టిలో కలిస్తే మట్టే అయిపోతుంది. ఇది అలా కాదు. ఇది పుట్టింది పెట్రోలియం నించి. ఉతికిన ప్రతిసారీ కంటికి కనబడని నూగు కొంత నీళ్ళలోకి పోతుంది. ఆ నీళ్ళు కాలవలోకి, కాలవ నాగావళిలోకి, నాగావళి సముద్రంలోకి. సముద్రంలో చేరే ఇటువంటి ప్లాస్టిక్ నలుసులకి 2004లో రిచర్డ్ థాంప్సన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త తన పరిశోధనా పత్రంలో మైక్రోప్లాస్టిక్ అన్న పేరు వాడితే, అప్పటినించీ లోకమంతా ఆ పేరే పట్టుకుంది. అంచేత పది కొని పారెయ్యడం కంటే నాలుగు కొని నాలుగేళ్ళు కాపాడుకోవడం మేలు. ఒక్కొక్కటీ కాక పోగేసి ఒకసారి ఉతకండి. జాడించిన నీళ్ళని పాత నూలుగుడ్డ కట్టిన బకెట్లోంచి వడబోసి పారబోయండి. గుడ్డ మీద నిలిచిన నూగుని చెత్తబుట్టలో వేయండి. అంతా ఆగదు గాని, ఆగినంత మేలే. చూశారా, ఇక్కడ కూడా నూలుగుడ్డే ఆదుకుంటోంది.

ఇంకొక మాట నా మనసులో మెదులుతూ ఉంది. సన్నదారం తీయడానికి జపాను కంపెనీకి పెద్ద పరిశోధన కావలసొచ్చింది. ఆ శాస్త్రవేత్త పేరు పుస్తకాల్లో ఉంది. ఉండవలసిందే. కానీ చేప దవడతో పత్తి దువ్వి, 77 కిలోమీటర్ల దారాన్ని ఒక పౌను దూదిలోంచి తీసిన ఆడవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? ఆ పనికొచ్చే కూలి చాలక, వాళ్ళ కూతుళ్ళు రాట్నం ముందు కూచోడానికి ఇష్టపడడం లేదు. వాళ్ళని తప్పు పట్టలేం. మనం మాత్రం ఒకటి చేయగలం. కారు తుడవడానికి మైక్రోఫైబరు కొన్న చేత్తోనే, ఏడాదికొక్క పొందూరు చీరో, పంచో, కనీసం ఒక చేతిరుమాలో కొనగలం. కొని, దాన్ని దాని పద్ధతిలో గంజి పెట్టి, నీడలో ఆరేసి కాపాడుకోగలం.

"నీకు తెలీదులేమ్మా" అన్న మా అబ్బాయి ఇప్పుడు బండి కడిగే ముందు, "అమ్మా, ఏ గుడ్డ ఇమ్మంటావు?" అని అడుగుతున్నాడు. పొద్దున్న వాడు నీళ్ళు పోస్తుంటే నేను పక్కన నిలబడి, తొందరపడి గట్టిగా ఒత్తకురా అని చెబుతున్నాను. చెబుతుంటే ఆ వీధరుగు ముసలమ్మే గుర్తొస్తుంది. గీత పడితే గుడ్డ తప్పు కాదు. చెయ్యి తొందరపడింది.

మీ ఇంట్లో కారు లేకపోవచ్చు. కళ్ళద్దాలున్నాయి, టీవీ ఉంది, బీరువా అద్దం ఉంది. ఏదో ఒక తుడుపు గుడ్డ ఉండనే ఉంటుంది. ఈ సాయంత్రం దాన్నొకసారి చేతిలోకి తీసుకుని, అది ఏ పోగుతో పుట్టిందో, దానికేం కావాలో చూడండి. సెలవు.